గేజి చెప్పిన మాట
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసింది విమానం చక్రాల సంగతే. ముప్పై ఏళ్లు వాటి మధ్యే గడిపాను కనుక దాని గురించే చెబుతాను.

మన కారు టైరులో సుమారు 30 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. జెట్ విమానం టైరులో 200 దాకా ఉంటుంది. గాలిలో ఉన్నంతసేపూ కదలని ఆ చక్రం, నేలను తాకిన క్షణంలో గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగం అందుకోవాలి. అప్పుడు లేచే పొగ మీరంతా చూసే ఉంటారు.

అందులో మనం మామూలుగా కొట్టించే గాలి నింపరు, నైట్రోజన్ నింపుతారు. 1986 మార్చి 31న మెక్సికోలో ఒక బోయింగ్ 727 కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు విపరీతంగా వేడెక్కడం, టైరులో మామూలు గాలి ఉండటం వల్ల ఆ టైరు ఆకాశంలోనే పేలింది. వేడికి రబ్బరు నుంచి వచ్చే ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే అంత ప్రమాదం.

ఒత్తిడి తగ్గినా ప్రమాదమే. టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి, లోపల వేడి పుట్టి, పొరలు విడిపోతాయి. పైగా జంట చక్రాల్లో ఒకదానికి గాలి తగ్గితే పక్కది ఆ బరువు మోస్తుంది. అందుచేత కంటికి ఏ తేడా కనిపించదు. కాలితో తన్ని చూస్తే తెలిసేది కాదు. గేజి పెట్టాల్సిందే.

1990లో ఒక రాత్రి గేజి పెడితే 200 ఉండవలసిన చోట 165 చూపింది. అంత తగ్గితే చక్రం మార్చాలి. ప్రయాణికులు ఎక్కేశారు. మా పై అధికారి ఒకరు వచ్చి, "చూడటానికి బాగానే ఉంది కదయ్యా, తిరిగొచ్చాక మార్చుకుందాం, సంతకం పెట్టెయ్" అన్నారు. నేను పెట్టలేదు. విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. మూడో రోజున నాకు మెమో వచ్చింది. ఇంటికి వెళ్లి మా ఆవిడతో, "నేను తప్పు చేశానా?" అని అడిగాను.

1991 జూలై 11న జెడ్డాలో హజ్ యాత్రికులతో బయలుదేరిన డీసీ-8 విమానం మంటల్లో కూలింది. 261 మంది పోయారు. టైర్లలో ఒత్తిడి తక్కువగా ఉందని మెకానిక్కులకు ముందే తెలుసు. నైట్రోజన్ అందుబాటులో లేదు, ఆలస్యానికి పైవారు ఒప్పుకోలేదు. రన్‌వే మీదే టైర్లు పగిలి నిప్పంటుకుంది. ఆ చక్రాలు లోపలికి ముడుచుకోవడంతో నిప్పు కూడా విమానంలోకి చేరింది.

ఆ వివరాలు చదివాక, ఆ మెమోను భద్రంగా దాచుకున్నాను. మా విమానానికి ఏమయ్యేదో నేను చెప్పలేను. ఏమీ కాకపోవడమే మా ఉద్యోగం. దానికి ఎవరూ దండ వేయరు.

మీ పిల్లలూ మనవలూ ఎక్కడ పనిచేస్తున్నా వారికి ఒక్క మాట చెప్పండి. కొలిచి చూసిన తర్వాతే సంతకం పెట్టమనండి. సెలవు.