చెవి, చెంతొ: తెలుగులోంచి పరభాషల్లోకి



మాస్టారి పేరు మీద జరిగే ఈ సభలో ఈసారి నన్ను మాట్లాడమన్నారు. ఆయన దగ్గర ఐదేళ్ళు చదువుకున్నాను. బడిలో ఆయన తెలుగు పండితులు. సాయంత్రాలు వాళ్ళింటి అరుగు మీద మాకు ఫ్రెంచి చెప్పేవారు. ఆ తరవాత, నలుగురం మాత్రమే మిగిలాక, ఇటాలియన్ మొదలుపెట్టారు. రుసుం లేదు, పరీక్ష లేదు. ఒకటే షరతు: రోజూ రావాలి.

ఆయన పుట్టింది యానాంలో. 1954 దాకా ఆ ఊరు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. చుట్టూ తెలుగు, ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచి. ఇంగ్లీషు ఆయన జీవితంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. అందువల్ల పరభాషను చేరడానికి ఇంగ్లీషు ఇంట్లోంచి నడవాలన్న ఆలోచనే ఆయనకి లేదు. తెలుగులోంచి తిన్నగా ఫ్రెంచిలోకి వెళ్ళారు, ఫ్రెంచిలోంచి పక్కింటి ఇటాలియన్‌లోకి వెళ్ళారు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది దీని గురించే. మనం పరభాషలన్నిటినీ ఇంగ్లీషులోంచి నేర్చుకుంటున్నాం. ఆ దారిలో, మన భాష మనకు ముందే నేర్పి పెట్టిన ఎన్నో సంగతులను గుమ్మం బయటే వదిలేస్తున్నాం.

తెలుగు తూర్పుదేశపు ఇటాలియన్ అన్న మాట మీరందరూ విన్నదే. 1420 ప్రాంతంలో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు నికోలో కోంతి పేరు మీద అది ప్రచారంలో ఉంది. ఆ మాట కంటే నాకు ఆ మనిషే ఎక్కువ ఆసక్తి. ఇటు రాకముందు ఆయన డమాస్కస్‌లో ఉండి అరబ్బీ నేర్చుకున్నాడు, తరవాత పారశీకం నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళాక ఆయన చెప్పిన యాత్రావిశేషాలను పోపుగారి కార్యదర్శి పోజ్జొ బ్రాచ్చొలీని లాటిన్‌లో రాసిపెట్టాడు. కోంతికి భాష అలంకారం కాదు, సరుకుతో పాటు మోసుకెళ్ళే పనిముట్టు. ఆ పోలికను మనమూ పనిముట్టుగానే వాడుకుందాం. ఇటాలియన్‌తో నిజంగా మనకు ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ కలవదు?

మాటలు అచ్చులతో ముగుస్తాయన్నది అందరికీ కనబడే పోలిక. ఆ అచ్చు ఇటాలియన్‌లో ఏం పని చేస్తోందో చూడాలి. రగాత్సొ అంటే అబ్బాయి, రగాత్స అమ్మాయి, రగాత్సి అబ్బాయిలు, రగాత్సె అమ్మాయిలు. మాట మొదలంతా ఒకటే. ఆడా మగా, ఒకరా పలువురా అన్నది చిట్టచివరి అచ్చు చెబుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని వినే తెలుగు చెవి పుట్టినప్పటి నుంచీ మాట చివరనే కాపు కాసుకుని ఉంటుంది. అందుకే క్రియల దగ్గర కూడా మనం తడబడనక్కర్లేదు. పార్లారె అంటే మాట్లాడడం. పార్లొ మాట్లాడతాను, పార్లి మాట్లాడతావు, పార్ల మాట్లాడతాడు, పార్లియామొ మాట్లాడతాం, పార్లాతె మాట్లాడతారు మీరు, పార్లనొ మాట్లాడతారు వాళ్ళు. 'నేను', 'నువ్వు' ప్రతిసారీ చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉంది. ఇంగ్లీషులోంచి వచ్చిన విద్యార్థి ప్రతి వాక్యానికీ ముందు 'ఇయొ' తగిలిస్తాడు. తెలుగులో ఎవరైనా 'నేను వచ్చాను, నేను తిన్నాను, నేను పడుకున్నాను' అని వరసగా అంటే ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది.

చాలా ఏళ్ళ తరవాత ఇటలీలో పెరూజ అనే ఊళ్ళో విదేశీ విద్యార్థుల తరగతిలో కూర్చునే అవకాశం నాకు వచ్చింది. మొదటివారం ఉచ్చారణ. నోనొ అంటే తొమ్మిదో, నొన్నొ అంటే తాతయ్య. సేతె దాహం, సెత్తె ఏడు. కాస ఇల్లు, కస్స డబ్బు కట్టే చోటు. ఒత్తు పలకడం తరగతిలో చాలామందికి రోజుల తరబడి పట్టుబడలేదు. గుడికీ గుడ్డికీ, కలకీ కల్లకీ తేడా పలికే నోటికి అది కష్టమే కాదు. అయితే నా దగ్గర ఇంకో పొరపాటు దొరికింది. తుత్తొ, అంటే 'అంతా', అన్న మాటను నేను 'టుట్టో' అన్నాను. ఇంగ్లీషు 'టీ' అక్షరం కనబడగానే నాలుక పైకి మడతపడింది. టీచరుగారు వచ్చి, నాలుక పళ్ళకి తగలాలని తన నోటి దగ్గర వేలు పెట్టి చూపించారు. అప్పుడు నేను చేసిందల్లా మనసులో 'తాత' అనుకోవడం. ఆ తరవాత ఆ అక్షరం గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. మన దగ్గర ఉన్నదే, ఇంగ్లీషు బడి దాన్ని కప్పేసింది.

మనం పిజ్జా అంటాం. అది పిౘ్ౘ. చాప, చుక్క అనేటప్పుడు పలికే ఆ దంత్యాక్షరం, చిన్నయసూరి వ్యాకరణంలో మనం చదువుకున్నదే, ఇటాలియన్‌లో నిత్యం వినబడుతుంది. గ్రాౘ్యె, అంటే 'ధన్యవాదాలు', అందులోనూ అదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. మాస్టారు దీన్ని అరుగు మీద సుద్దముక్కతో రాసి చూపించారు. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కై, మనకు చెయ్యి. కెరె, చెరువు. కెడు, చెడు. పాత ద్రావిడ భాషలో ఉన్న కకారం, వెనక ఇ గాని ఎ గాని వస్తే తెలుగులో చకారమైంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి పుస్తకాల్లో ఇది వివరంగా దొరుకుతుంది. దాని కిందనే మాస్టారు ఇంకో వరస రాశారు. లాటిన్‌లో కెంతుం, ఇటాలియన్‌లో చెంతొ, అంటే వంద. లాటిన్‌లో కికెరొ అన్న వక్త పేరు ఇటాలియన్ నోట చిచెరొనె. అదే అక్షరం, అవే అచ్చుల ముందు, అదే మార్పు. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఇచ్చిపుచ్చుకోలూ లేవు. మనిషి నోటి నిర్మాణం ఒకటే కాబట్టి నాలుక అక్కడా ఇక్కడా ఒకే దారిలో జారింది. ఇది తెలిసిన పిల్లవాడికి ఇటాలియన్ వర్ణక్రమ సూత్రాన్ని బట్టీ పట్టించక్కర్లేదు: అదే అక్షరం అ, ఒ, ఉల ముందు క, ఇ, ఎల ముందు చ. ఇ, ఎల ముందు కూడా కకారమే కావాలంటే మధ్యలో హకారం రాస్తారు, పలకరు. నాకు అప్పుడు పదమూడేళ్ళు. నా చెవికి చెవి అనే పేరు ఎలా వచ్చిందో, రోములో వందకి చెంతొ అనే పేరు అలాగే వచ్చిందని తెలిసిన సాయంత్రం ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి నాకు పరభాష పరాయిగా కనబడలేదు.

ఇంకో చిన్న ముచ్చట. మన పల్లెల్లో స్కూలుని ఇస్కూలు అంటారు, చదువుకున్నవాళ్ళు దిద్దుతారు. ఇటాలియన్‌లో 'రాతపూర్వకంగా' అనడానికి నేటికీ 'పెర్ ఇస్క్రిత్తొ' అంటారు. అసలు మాట స్క్రిత్తొ. సకారం మరో హల్లుతో కలిసి మాట మొదట్లో వస్తే ముందు ఓ అచ్చు కావాలని ఆ నోటికీ అనిపించింది. ఇల్ లీబ్రొ, ఆ పుస్తకం అంటారు గాని, విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి ఇల్ పనికిరాదు, లొ స్తుదెంతె అనాలి. ఆ నియమం వెనక ఉన్నదీ ఇదే ఇబ్బంది. ఇస్కూలు అనే మా నాయనమ్మకి ఈ సూత్రం ఇట్టే తెలిసేది.

వాక్యనిర్మాణంలో ఇంతకంటే లోతైన పోలిక ఉంది. పెరూజలో మొదటి మూడు వారాలు నేను ఒక క్రియను తప్పుగా వాడాను. 'నాకిష్టం' అనడానికి ఇంగ్లీషు పద్ధతిలో కర్తగా 'నేను' పెట్టి 'ఇయొ పియాచ్చొ' అనేవాణ్ణి. దానికి అర్థం నేను ఎవరికో నచ్చుతానని. వినేవాళ్ళు మర్యాదకొద్దీ ఊరుకున్నారు. ఒక రాత్రి నేను బస చేసిన ఇంటావిడ కాస్తెల్లూచ్చొ కొండల్లో పండే సన్నటి పప్పుతో పులుసు కాచి గిన్నె నా ముందు పెట్టింది. రెండు చెంచాలు తాగాక 'తి పియాచె?' అని అడిగింది. తి, నీకు. పియాచె, నచ్చుతోంది. నీకు నచ్చిందా? అక్షరాలా తెలుగే. నాకు నచ్చింది, మి పియాచె. పాటలైతే నాకు నచ్చాయి, మి పియాచ్చొనొ. క్రియ పాటను బట్టి మారుతుంది గాని నన్ను బట్టి కాదు, మనకు మల్లేనే. నాకు కావాలి, మి సెర్వె. మూడు వారాలు మూసుకుపోయిన తలుపు పులుసు గిన్నె దగ్గర తెరుచుకుంది.

మర్యాద మాటా చెప్పాలి. ఇటాలియన్‌లో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు 'లేయ్' అంటారు. మామూలుగా ఆ మాటకు 'ఆమె' అని అర్థం. ఎదురుగా మీసాలాయన ఉన్నా ఆమె అనే అనాలి, క్రియ కూడా ప్రథమ పురుషలోనే. మొదట వింతగా ఉంటుంది. కానీ మనం 'తమరు దయచేయండి' అనడం లేదా? తాము అన్నది ప్రథమ పురుషే. ఎదుటి మనిషిని నేరుగా వేలుపెట్టి పిలవకుండా ఓ అడుగు పక్కకి జరిగి గౌరవించడం రెండుచోట్లా ఉంది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం ఈ లేయ్‌ని తీసేసి అందరూ 'వొయ్', అంటే మీరు, అనాలని పట్టుబట్టింది. ప్రభుత్వం పోయింది, లేయ్ ఉంది. దక్షిణాన, నేపుల్స్ వైపు, వొయ్ ఎవరూ చెప్పకుండానే ఇంకా బతికి ఉంది.

కలవని చోట్లు కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పువ్వు పుంలింగం, తాళంచెవి స్త్రీలింగం అంటే మన బుద్ధి ఒప్పుకోదు. మనకు మనుషులకే ఆ తేడా. పైగా ఫియోరె, కియావె రెండూ ఎకారంతోనే ముగుస్తాయి కాబట్టి చివరి అచ్చు కూడా ఆదుకోదు. చెయ్యి, మానొ, ఒకారాంతమై ఉండి స్త్రీలింగం. దీనికి ఉపాయం ఒక్కటే: నామవాచకాన్ని ఒంటరిగా నేర్చుకోకూడదు. ఇల్ ఫియోరె, ల కియావె, ల మానొ అని ముందు వచ్చే చిన్న మాటతో కలిపి నోటికి ఎక్కించాలి. 'నేను చదివిన పుస్తకం' అని మనం విశేషణాన్ని ముందు పెడతాం. ఇటాలియన్‌లో 'పుస్తకం, ఏదైతే నేను చదివానో' అని వెనక్కి తిప్పాలి. ఇక్కడ తెలుగు దారి చూపదు. నెలల తరబడి సాధన తప్పదు.

అయితే ఇటాలియన్ దగ్గర అక్కరకు రానిదే జపనీస్ దగ్గర అక్కరకు వస్తుంది. 'వతషి గ యొందా హొన్' అంటే నేను చదివిన పుస్తకం. యొందా చదివిన, హొన్ పుస్తకం. మాటకు మాట అదే వరస. కర్త, కర్మ, చివర క్రియ, విభక్తులు మాట వెనక. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన ఉద్యోగులకు ఇటాలియన్ రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు, జపనీస్‌కి 2,200 గంటలు లెక్కవేస్తూ వచ్చింది. ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళది. దాన్ని చూసి మన పిల్లలు జపనీస్ కష్టమని భయపడడం నాకు బాధ కలిగిస్తుంది. లిపి కష్టమే, జపాన్ ప్రభుత్వ జాబితాలోనే 2,136 చిత్రాక్షరాలున్నాయి. వాక్యం మాత్రం మన ఇంటి వాక్యం.

ఎన్ని భాషలు నేర్చుకోవాలి? బొలోఞ్ఞ నగరంలో ఒక వడ్రంగి కొడుకు, జుసెప్పె మెత్సొఫాంతి, 1774లో పుట్టి పదుల కొద్దీ భాషలు నేర్చి కార్డినల్ అయ్యాడు. యుద్ధంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్న పరదేశ సైనికుల మంచాల పక్కన కూర్చుని, వాళ్ళకు కంఠతా వచ్చిన ప్రార్థనలు చెప్పించుకుంటూ ఎన్నో భాషలు పట్టుకున్నాడట. అర్థం ముందే తెలిసిన పాఠం, ఎదురుగా మాట్లాడే మనిషి: ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకున్నదీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే. పుస్తకమే లేని భాషకు ఆయనే వ్యాకరణం, నిఘంటువు రాసిపెట్టారు.

మాస్టారి లెక్క వేరు. ఒక భాషలో వార్తాపత్రిక నిఘంటువు లేకుండా చదవగలిగే దాకా రెండోది ముట్టనివ్వలేదు. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళ భాషలు. ఇటాలియన్‌లో బుర్రొ అంటే వెన్న, స్పానిష్‌లో గాడిద. ఇటాలియన్‌లో సలీరె ఎక్కడం, స్పానిష్‌లో సలీర్ బయటికి వెళ్ళడం. తమిళంలో అవసరం అంటే తొందర అని మనకు చెన్నైలో దిగాకే తెలుస్తుంది. మొదటిదాని పునాది గట్టిపడకుండా రెండోది తెస్తే రెండూ కలిసి పులిసిపోతాయి. రెండు మూడు భాషలు బాగా రావడం, పది భాషల్లో పలకరింపులు రావడం కంటే మేలని నేనూ నమ్ముతాను.

ఇక ఆయన సాధన. నోటుబుక్కులో పేజీ మధ్య గీత. ఎడమవైపు ఇటాలియన్ వాక్యాలు పది. కుడివైపు వాటికి తెలుగు, నల్లసిరాతో. మూడు రోజులు పక్కన పెట్టాలి. నాలుగో రోజు ఎడమవైపు అట్టతో కప్పి, తెలుగు చూసి మళ్ళీ ఇటాలియన్ వేరే కాగితం మీద రాయాలి. తరవాత అట్ట తీసి, తేడా ఉన్న ప్రతిచోటా ఎర్రసిరా. 1570లో అచ్చయిన తన పుస్తకంలో రోజర్ ఆస్కమ్ అనే ఇంగ్లీషు గురువు లాటిన్‌కి ఇదే చెప్పాడని నాకు తరవాత తెలిసింది. మాస్టారు ఆ పుస్తకం చూశారో లేదో గాని, ఎర్రసిరా పడ్డ చోటల్లా కింద ఒక తెలుగు వాక్యం రాసేవారు, తప్పు ఎందుకు జరిగిందో మన వ్యాకరణంతో. 'ఇక్కడ షష్ఠి అనుకున్నావు, ఇది చతుర్థి.' 'ఇది మన సంధి లాంటిదే: ది, ఇల్ కలిసి దెల్.' ఆ ఎర్రసిరా వాక్యాలన్నీ ఏరి కూరిస్తే తెలుగువాడికి కావలసిన ఇటాలియన్ వ్యాకరణం తయారవుతుంది. ఆ పని కిందటేడు మొదలుపెట్టాను. క్రియల భాగం దాదాపు పూర్తయింది, ఉపసర్గల దగ్గర ఆగాను. ఫ్రెంచి వచ్చినవాళ్ళు యానాంలో ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఎవరైనా ఆదివారాలు నాతో కూర్చుంటే సంతోషిస్తాను.

మాస్టారి అమ్మాయిగారు పన్నెండు నోటుబుక్కులు తెచ్చారు. సభ అయ్యాక బయట వరండాలో బల్ల మీద పెడతాం. తీసి చూడండి, చదవండి, పిల్లలకూ చూపించండి. చేతులు మాత్రం తడి లేకుండా తుడుచుకుని ముట్టుకోండి, ఎర్రసిరా పాతది.