గొర్రెల కాపరి కుక్కలలో వంశపారంపర్య నేత్రదోషము – దానిని పట్టు పరీక్ష
(ప్రసంగ పాఠము)



ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు లెక్కించి, నడక చూచి, కాడికి కట్టి చూచి బేరము కుదుర్చుకొందుము. సుళ్ళ మాట ఎట్లున్నను, కంటితో చూచి తెలిసికొనదగిన గుణములకు ఈ పద్ధతి చాలును. కాని తల్లిదండ్రులలో పైకి కనుపించక, పిల్లలలో బయటపడు దోషములు కొన్ని గలవు. వాటిని పట్టు విధానమును ఈ దినమున మీకు చెప్పదలచితిని. ఇందుకు మంచి ఉదాహరణ గొర్రెలను కాయు కోలీ జాతి కుక్క.

ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు సీమలో పుట్టిన బోర్డర్ కోలీ కుక్క కరవకయే, మొరగకయే, గొర్రెలను తేరిపార చూచి ఆ చూపుతోనే మందను కదల్చును. వీటి వంశావళులను వ్రాసియుంచు అంతర్జాతీయ గొర్రెకుక్కల సంఘము అచ్చట 1906లోనే ఏర్పడెను. చూపుతో పని చేయు కుక్కకు చూపే పోయినచో కాపరికి కలుగు నష్టము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కోలీలలో పుట్టుకతో వచ్చు నేత్రదోషము ఒకటి గలదు. కంటి లోపలి చూపుపొరకు వెనుకనుండి రక్తము నందించు మరియొక పొర ఉండును. ఈ దోషమున్న కుక్కలలో ఆ రెండవ పొర కొంత మేర సరిగా ఎదుగదు. చాలా కుక్కలకు దీనివలన చెప్పదగినంత ఇబ్బంది కలుగదు. కొన్నింటికి కంటినరము వద్ద గుంట పడును. కొద్దింటిలో చూపుపొర ఊడివచ్చి గ్రుడ్డితనము కలుగును. స్వల్పముగా దోషమున్న తల్లికి తీవ్రమైన దోషము గల పిల్ల పుట్టవచ్చును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మరియొక చిక్కు. పిల్లలకు ఆరు, ఎనిమిది వారముల వయసులో కంటిలో చుక్కలు వేసి నేత్రవైద్యుడు చూచినచో ఈ లోపము కనబడును. మూడు నెలలు దాటిన పిదప కంటిలోపల రంగు నిండుకొని కొన్ని కుక్కలలో లోపము కప్పబడిపోవును. అప్పుడు చూచిన వైద్యుడు కన్ను బాగున్నదనియే చెప్పును. ఆయన తప్పేమియు లేదు. కాని ఆ కుక్క తన పిల్లలన్నింటికిని దోషమును పంచుచునే యుండును.

ప్రతి పిల్లకు ప్రతి జన్యువు రెండు ప్రతులుగా, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వచ్చును. రెండును చెడినవైనప్పుడే ఈ దోషము కలుగును. ఒకటి మాత్రమే చెడినచో ఆ కుక్క కండ్లు నిక్షేపముగా నుండును. దీనిని మోతకుక్క అందము. మోతకుక్కలు రెండింటిని జతకట్టించినచో సగటున నాలుగు పిల్లలకు ఒకటి దోషముతోను, రెండు మోతకుక్కలుగాను, ఒకటి శుద్ధముగాను పుట్టును. ఏరికోరక జతకట్టు జాతిలో నూటికి ఒక కుక్కకు దోషమున్నచో, లెక్క ప్రకారము మోతకుక్కలు సుమారు 18 ఉండును. ఆ ఒక్కదానిని తొలగించి ఊరకుండిన, పదునెనిమిది ఇంట్లోనే మిగులును.

పూర్వము మోతకుక్కను కనుగొనుటకు ఒకటే దారి. అనుమానమున్న మగకుక్కను గ్రుడ్డి ఆడకుక్కతో కట్టించి, పిల్లలను కనిపెట్టి చూచెడివారు. ఐరిష్ సెట్టర్ అను వేటకుక్కలలో చూపుపొర క్షీణించు వ్యాధికి బ్రిటనులో ఇట్లే చేసిరి. మగది మోతకుక్క అయినచో పిల్లలలో సగము గ్రుడ్డివగును. వరుసగా ఆరు పిల్లలు బాగుగా నున్నచో, మగది మోతకుక్క అయ్యు తప్పించుకొనుటకు 64లో ఒక వంతు మాత్రమే అవకాశము. లెక్క చక్కనిదే. కాని గ్రుడ్డి పిల్లలను పుట్టించి పొందు జ్ఞానమది.

ఆ వ్యాధికి కారణమగు జన్యులోపమును 1993లో కనుగొనిరి. కోలీల దోషమునకు మూలము 2007లో ప్రకటింపబడెను. ఒక జన్యువులో సుమారు 7,800 అక్షరముల ముక్క లోపించుటయే కారణము. బోర్డర్ కోలీ, రఫ్ కోలీ, షెట్లండు గొర్రెకుక్క మొదలగు పలు జాతులలో ఇదే ముక్క లోపించియుండుటచే, దోషము ఒకే పూర్వికుని నుండి వచ్చినదని తలచుచున్నారు.

ఇప్పుడు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దిన నమూనాయో, కొద్ది రక్తమో పంపిన చాలును. ఏ వయసులోనైనను ఒక్కసారి చేయించిన పరీక్ష జన్మమంతయు నిలుచును. పాలు త్రాగుచున్న పిల్లకు నమూనా తీయుటకు ముందు కొంతసేపు తల్లి నుండి వేరుచేయవలెను. తల్లి కణములు పిల్ల నోట చేరినచో ఫలితము తారుమారగును.

మోతకుక్క అని తేలగానే దానిని తీసివేయుట తొందరపాటు. మందను త్రిప్పుటలో దిట్టయైన కుక్కను ఒక్క జన్యువు కొరకు వదులుకొన్నచో పనితనము పోవును. మిగిలిన కొద్ది వంశములలోనే జతలు కట్టించగా వేరొక దోషము తలయెత్తును. శుద్ధమైన దానితో కట్టించినచో ఈ దోషముగల పిల్ల పుట్టదు. పిల్లలలో సగము మోతవగును గనుక వాటికిని పరీక్ష చేయించి, మంచివానిని నిలుపుకొనవలెను.

ఈ పరీక్ష ఒక్క లోపమునే చూపును. ఇంకొక రకము వ్యాధిలో కుక్కకు మొదట రేచీకటి వచ్చి, క్రమముగా చూపు పోవును. లాబ్రడార్, పూడిల్, ఆస్ట్రేలియా పశువుల కుక్కలలో కనుపించు దీని జన్యువును 2006లో కనుగొనిరి. మనుష్యులకు విటమిన్ ఎ లోపమువలన వచ్చు రేచీకటి వంటిది కాదిది. ఆకుకూరలతోను, కాలేయముతోను తగ్గదు. పైగా చాలా కుక్కలలో మూడు నాలుగేండ్లు దాటినగాని బయటపడదు. అప్పటికే ఆ కుక్కకు రెండు మూడు ఈతల పిల్లలు పుట్టియుండును. మన పట్టణములలో లాబ్రడార్ పిల్లలను వేలు పోసి కొనువారు తల్లిదండ్రుల పరీక్షా పత్రమును అడుగుట మంచిది. ఏటేట కంటిపరీక్షయు మానరాదు.

మన పశువులలోను ఇదే తీరు. కృత్రిమ గర్భధారణకు వీర్యమునిచ్చు హోల్‌స్టీన్ ఆంబోతులకు మన దేశమున, దూడలు రోగములను తట్టుకొనలేక చనిపోవు లోపము మొదలగు కొన్ని వంశపారంపర్య దోషములకు పరీక్ష చేసిన పిదపనే వీర్యకేంద్రములలో ఉంచవలెనను నియమమున్నది. ఊరిలో తిరుగు సంకర ఆంబోతుకు సాధారణముగా అట్టి పరీక్ష ఉండదు. దాని ఈతలో దూడలు పదేపదే రోగముతో చనిపోవుచున్నచో, ఏ ఆవు, ఏ ఆంబోతు, ఏ నెల అని వ్రాసియుంచి పశువైద్యునికి చూపుడు.