కప్పుతో పాటు ముఖం కూడా తీయండి



మన హాస్టళ్ల ఆటల పోటీల ఫొటోల్లో ఏముంటుంది? కప్పు, శాలువా, అతిథులు. ఆడిన పిల్ల ఓ చివర సగమే పడుతుంది. కూలి మానుకుని ఆట చూడ్డానికి రాలేని గూడెంలోని అమ్మానాన్నలకు కనిపించేది మీరు తీసిన ఫొటోనే.

కబడ్డీలో కూత 30 సెకన్లే. రైడర్ వెనక ఫోన్ పట్టుకుని పరిగెత్తకండి. ఆమె తిరిగి రావాల్సింది మధ్య గీతకే కదా! ఆమె జట్టు వైపు, కోర్టు బయట మోకాళ్ల మీద కూర్చోండి. గీత కోసం చెయ్యి చాచినప్పుడు ముఖం మీవైపే ఉంటుంది. షట్టర్ సెకనులో 1000వ వంతు పెట్టండి. ఆ సౌకర్యం లేని ఫోనైతే బరస్ట్ చాలు. ఏదైనా మంచి వెలుతురుండగానే.

విజిల్ పడగానే ఫోన్ దించేయకండి. ఓడిన జట్టులో ఒకమ్మాయి ఇంకొకమ్మాయి మోకాలి మట్టి దులుపుతుంది చూడండి, మాకు కప్పు ఫొటో కన్నా అదే ఇష్టం.

ఏడుస్తున్న పిల్లను తీస్తే, ఆమెకు చూపించి అడిగాకే గ్రూపులో పెట్టండి. వద్దంటే ఆమె ముందే తీసేయండి. బట్టలు తొలగిన ఫొటో అయితే అడిగే పనే లేదు, వెంటనే తీసేయాలి. ఇందులో వార్డెన్లం మేం ఎవరి మాటా వినం.

బాగా వచ్చిన ఫొటోను ప్రింటు తీయించి, సెలవులకు వెళ్లేటప్పుడు పిల్ల చేతికివ్వండి. చాలా గూడేల్లో సిగ్నల్ అందదు.