గ్యాస్ గీజరు - మన జాగ్రత్తలు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను స్టాఫ్ క్వార్టర్ల మరమ్మతుల పని చూశాను. ఆ అనుభవంతో, పాత ఇళ్ళలో గ్యాస్ గీజరు వాడేవారికి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన చిన్నతనంలో నీళ్ళు కాచే పొయ్యి పెరట్లో ఉండేది. పొగ ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు ఆ మంట స్నానాలగది గోడమీదికి వచ్చింది. పాత ఇళ్ళలో ఆ గది ఇరుకు. ఉన్న ఒక్క వెంటిలేటరునూ చలికో దోమలకో అట్ట పెట్టి మూసేస్తాం. గాలి చాలనప్పుడు గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది.

సిలిండరు గ్యాస్ లీకైతే తెలియడానికి అందులో వాసన పదార్థం కలుపుతారు. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, నీరసం వస్తాయి. మన వయసులో వీటిని బి.పి. అనో షుగరు అనో సరిపెట్టుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2020-21 కోవిడ్ రోజుల్లో మనం కొనుక్కున్న వేలి ఆక్సిమీటరు కూడా ఈ తేడా పట్టలేక మంచి అంకెనే చూపవచ్చు.

కనుక ఈ నియమాలు పాటించండి:

1. గీజరును, సిలిండరును స్నానాలగది బయట, గాలి ఆడేచోట పెట్టించండి. వేడినీళ్ళు పైపు ద్వారా లోపలికి వస్తాయి.

2. అలా మార్పించేలోగా, తలుపు తెరిచి ఉంచి బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసి, గదిలో గాలి మారాకే స్నానానికి వెళ్ళండి.

3. వెంటిలేటరు ఎన్నడూ మూయకండి.

4. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మారినా, మసి కనిపించినా వాడకం ఆపి మెకానిక్కును పిలవండి. ఏ లోపమూ లేకున్నా ఏడాదికోసారి చూపించండి.

5. పెద్దవారు లోపల గడియ వేసుకోవద్దు. ఇంట్లోవారు మధ్యమధ్య పలకరిస్తూ ఉండాలి.

ఎవరైనా పడిపోతే తలుపులు తెరిచి, గ్యాస్ కట్టేసి, వెంటనే బయటిగాలికి చేర్చి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ గీజరు నడుస్తుండగా పడిపోయారని డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఏ రక్తపరీక్ష చేయాలో ఆయనకు ఆ మాటతోనే తెలుస్తుంది.

ఇక గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, ఆర్పవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

పిల్లలు దూరాన ఉండి, మనలో చాలామందిమి ఇద్దరిద్దరమే ఉంటున్నాం. ఇంటికి వెళ్ళగానే ఒక్కసారి స్నానాలగది వెంటిలేటరు వంక చూడండి. మూసి ఉంటే ఈరోజే తెరవండి.