మొగిలి ఘాట్ మీదుగా
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పుష్యమాసంలో మా అబ్బాయి కారులో చిత్తూరు నుండి పలమనేరు వచ్చాము. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేసరికి మంచు కమ్ముకుంది. బండల మీద ఎండ కాచుకునే కోతులు, పొదల్లో పిగిలిపిట్టలు కనువిందు చేశాయి. ఏనుగులు కనబడలేదు గాని, దారి పక్కన వాటి లద్దెలు కనిపించాయి.

1980 దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు ఇటు తరలివచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2023 జూన్‌లో పలమనేరు సమీపాన ఇదే రహదారిపై రాత్రివేళ లారీ ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. నీటికీ, మేతకూ అవి రోడ్డు దాటక తప్పదు.

మన పిల్లలు బెంగుళూరుకు తిరిగే దారి ఇది. అడవి దగ్గర వేగం తగ్గించమని మనమే చెప్పాలి. ఏనుగులకూ మేలు, మనవాళ్ళకూ క్షేమం. సెలవు.