పాత డీజిలు బండి – రేడియేటరు నీళ్ళు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద చదువుల గురించి, ఆరోగ్యం గురించి, జకాత్ గురించి పెద్దలు చెబుతూ వుంటారు. కార్యవర్గం వారు నన్ను మాత్రం బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కారణం లేకపోలేదు. మనలో లారీ డ్రైవర్లున్నారు, సొంత 407 నడుపుకునేవాళ్ళున్నారు, ట్రాక్టరు కిరాయికి తిప్పేవాళ్ళున్నారు, మెకానిక్కులున్నారు, రేడియేటర్లకు టంకం వేసేవాళ్ళున్నారు. కొత్త బండి కొనే స్తోమత అందరికీ లేదు. పదిహేనేళ్ళ బండే చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నది. దాని ఇంజను పోయిందంటే పిల్ల పెళ్ళికి దాచిన డబ్బో, పిల్లవాడి కాలేజీ ఫీజో బోరింగు షాపు పాలవుతుంది. ఇంజను పోవడానికి పెద్ద కారణాలలో ఒకటి రేడియేటరులో మనం పోసే నీళ్ళు. అందుకే ఆ ఒక్క విషయమే చెబుతాను.

“కూలెంటు చలిదేశాల వాళ్ళకు, మనకెందుకు? ఇక్కడ నీళ్ళు గడ్డకడతాయా?” అని చాలామంది అడుగుతారు. శీతకాలంలో కశ్మీరు, హిమాచల్ వైపు లోడు తీసుకుపోయే లారీకి గడ్డకట్టే భయం నిజమే. మనవైపు ఆ భయం లేదు. కాని కూలెంటు చేసే పనులు మరి మూడున్నాయి. మరగకుండా ఆపడం, తుప్పు పట్టకుండా కాపాడడం, లైనరుకు చిల్లు పడకుండా చూడడం. ఈ మూడూ మన ఎండలకే ఎక్కువ అవసరం.

మొదటిది మరగడం. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఎథిలీన్ గ్లైకాల్ కూలెంటు, నీళ్ళు సగం సగం కలిపితే సుమారు 108 డిగ్రీల దాకా మరగవు. పైన 0.9 రకం ప్రెషరు మూత సరిగా వుంటే ఆ మిశ్రమం దాదాపు 125 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. మూతలో రబ్బరు పోతే ఆ లాభం పోయినట్లే. ఘాట్ రోడ్డులో బండి ఉడికిందంటే ముందు మూత చూడండి. వేడి మీద మాత్రం ఎవరూ మూత తియ్యవద్దు. ఎగజిమ్మే ఆవిరికి ముఖాలు కాలినవాళ్ళు వున్నారు. పై హోసు పైపును చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాకనే, గుడ్డ వేసి, మెల్లగా తిప్పాలి.

రెండోది తుప్పు, సున్నం. నీళ్ళు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పొర పడుతుందే, అదే ఇంజను లోపల కూడా పడుతుంది. ఆ పొర వున్నచోట వేడి నీళ్ళలోకి దిగదు. “తాగే నీళ్ళే పోస్తున్నాం గదా” అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం, వేరే నీటి వసతి లేనిచోట లీటరుకు 600 మిల్లీగ్రాముల కఠినత్వం, 1000 మిల్లీగ్రాముల క్లోరైడు దాకా ఒప్పుకుంటారు. పెద్ద డీజిలు ఇంజన్లు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ కూలెంటులో కలిపే నీటికి పెట్టిన హద్దు కఠినత్వం 170, క్లోరైడు 40. అంటే మనిషి తాగగలిగిన బోరు నీరు ఇంజనుకు విషం కావచ్చు. కాబట్టి బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి.

మూడోది లైనరు చిల్లు. ఇది చాలామందికి తెలియదు. లైనరుకు బయటివైపు నేరుగా నీళ్ళు తగిలే ఇంజన్లను వెట్ లైనరు ఇంజన్లు అంటారు. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఒక్కొక్క సిలిండరులో 1000 సార్లు డీజిలు మండుతుంది. ప్రతి దెబ్బకూ లైనరు గోడ అదురుతుంది. ఆ అదురుకు బయటివైపు నీటిలో సన్నని ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే పగిలి, సుత్తితో కొట్టినట్లు గోడను కొడతాయి. కొంతకాలానికి బయటినుంచి లోపలికి సూదిమొనంత చిల్లు పడుతుంది. నీళ్ళు ఆయిలులో కలుస్తాయి, బేరింగులు పోతాయి. డీజిలు కూలెంటులో వుండే నైట్రైటు వంటి మందులు లైనరు మీద పలుచని పొర కట్టి ఆ దెబ్బలను తాము తింటాయి. తింటాయి గనుక కొంతకాలానికి అయిపోతాయి కూడా. మీది వెట్ లైనరు ఇంజను అవునో కాదో మెకానిక్కును ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఇక పరీక్షల సంగతి. వజూకు నీళ్ళు పనికివస్తాయా లేదా అన్నది రంగు, రుచి, వాసన చూసి తేల్చమని మన ఉలమాలు చెబుతారు. ఇంజను నీళ్ళకు ఆ కొలత చాలదు. రుచి అసలే చూడకూడదు, అది విషం. రంగు కంపెనీ వేసే అద్దకం. ఆకుపచ్చ ఒక రకం, ఎరుపు ఒక రకం అని అందరూ పాటించే నియమం లేదు. మందంతా అయిపోయినా రంగు అలాగే మెరుస్తుంది. కాబట్టి ఈ పరీక్షలు చెయ్యాలి.

ఒకటి, చూపు. ఇంజను చల్లగా వున్నప్పుడు మూత తీసి చూడండి. తుప్పు రంగు వుంటే లోపల ఇనుము తింటున్నది. పైన జిడ్డు తేలితే ఆయిలు కలుస్తున్నది. ఆయిలు కడ్డీ మీద పాలమీగడలాగా కనిపిస్తే నీళ్ళు ఆయిలులోకి పోతున్నాయి. చల్లని ఇంజనును స్టార్టు చేసినప్పుడు రేడియేటరులో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్టు మీద అనుమానం పెట్టుకోవాలి.

రెండు, పాలు. కూలెంటు ఎంత, నీళ్ళు ఎంత అన్నది రిఫ్రాక్టోమీటరు చెబుతుంది. ఒక్క చుక్క వేసి వెలుతురువైపు పట్టి చూడడమే. ఈ లెక్క వినండి. 12 లీటర్లు పట్టే బండిలో సగం కూలెంటు వున్నది. 3 లీటర్లు కారిపోతే వట్టి నీళ్ళతో నింపారు. 50 పాలు 37కి దిగింది. మళ్ళీ అలాగే చేశారు, 28కి దిగింది. డ్రైవరు మాత్రం “కూలెంటు పోయించాను” అనే అనుకుంటాడు. అందుకని కారిన చోటు బాగుచేయించి, కలిపిన కూలెంటే నింపాలి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. గ్లైకాల్ నీళ్ళంతగా వేడిని మొయ్యలేదు. 60 పాళ్ళు దాటనివ్వరాదు.

మూడు, మందు బలం. రిఫ్రాక్టోమీటరు పాలు చెబుతుంది గాని మందు మిగిలిందో లేదో చెప్పదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. దీనికి రంగు మారే పరీక్ష కాగితాలు వున్నాయి. కూలెంటులో ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చి పి.హెచ్., నైట్రైటు చూస్తారు. పి.హెచ్. 7కు దిగువన పడితే అది ఆమ్లం, మార్చి తీరాలి. నైట్రైటు తగ్గితే డీజిలు ఇంజను కోసం చేసిన మందును డబ్బా మీది లెక్క ప్రకారం కలపాలి, అంతకు మించరాదు. ఎక్కువైన మందు అడుగున పేరుకుని సన్నని గొట్టాలను మూసేస్తుంది. కొన్ని కొత్త రకం కూలెంట్లలో నైట్రైటే వుండదు. వాటికి ఈ కాగితం పనికిరాదు.

నాలుగు, కరెంటు. వోల్టుమీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివుకు పెట్టి, ఎర్ర తీగ కొనను రేడియేటరు లోహానికి తగలకుండా కూలెంటులో ముంచండి. 0.3 వోల్టుల లోపు వుంటే మంచిది. 0.5 దాటితే మందు అయిపోయి వుండాలి, లేదా ఎర్తు తీగ చెడి కరెంటు నీళ్ళ గుండా పోతూ వుండాలి. లైట్లు, హారన్లు వేసినప్పుడు పెరిగితే ఎర్తు చూడండి. ఎర్తు బాగుచెయ్యకుండా ఎన్ని రేడియేటర్లు మార్చినా తినేస్తుంది.

మామూలు ఆకుపచ్చ రకం కూలెంటును రెండేళ్ళకొకసారి మార్చడం మంచిది. బండి పుస్తకంలో వేరే గడువు రాసివుంటే అదే పాటించండి. రెండు రకాలు కలపవద్దు. శుభ్రానికని యాసిడ్ పోయకండి, ఇత్తడి రేడియేటరు టంకాన్ని అది కొరుకుతుంది. దారిలో చిల్లు పడితే పసుపుపొడి పోసి ఇంటికి చేరే పద్ధతి మనకు తెలిసిందే. ఇల్లు చేరాక మాత్రం అంతా దింపి కడగాలి. బండి చల్లగా నడుస్తుందని థర్మోస్టాటు పీకేసేవాళ్ళున్నారు. చల్లని డీజిలు ఇంజను సరిగా మండదు, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అది పీకితే నీళ్ళు రేడియేటరుకు పోకుండా చుట్టు తిరిగి మరింత వేడెక్కుతుంది.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మిగిలిన కూలెంటును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టనివ్వకండి. అది తియ్యగా వుంటుంది, షర్బత్ అనుకుని పిల్లలు తాగుతారు. మూత్రపిండాలు పాడై ప్రాణం పోవచ్చు. తాగినట్లు అనుమానం వచ్చినా, పిల్లవాడు బాగానే వున్నాడు గదా అని ఆగకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. బండినుంచి దింపిన పాత కూలెంటు వాకిట్లో పారబోస్తే బక్రీదుకు కట్టేసిన మేక తాగినా చస్తుంది. మూతవున్న డబ్బాలో పట్టి వర్క్‌షాపుకు ఇవ్వాలి.

చివరిగా సంఘం వారికి ఒక విన్నపం. రిఫ్రాక్టోమీటరు, పరీక్ష కాగితాల డబ్బా, మూత పరీక్షించే పంపు, ఇవన్నీ ఒక్కొక్కరు కొనుక్కోనక్కరలేదు. సంఘానికి ఒక్క సెట్టు వుంటే చాలు. ఎండలు ముదరకముందే ఒక శుక్రవారం జుమా తరువాత బండ్లన్నీ వరసగా పెట్టించి చూపిద్దాం. పని నేర్చుకునే కుర్రాళ్ళు బండి నంబరు, తేదీ, కొలతలు పుస్తకంలో రాస్తారు. వాళ్ళకూ విద్య వస్తుంది.

యజమాని బండి డ్రైవరు చేతిలో అమానత్. సొంత బండి అయినా దాని మీద బతికే పెళ్ళాం బిడ్డల అమానత్. అమానత్‌ను కంటితో చూసి వదిలెయ్యం గదా, లెక్క చూసుకుంటాం. రేడియేటరు నీళ్ళనూ అలాగే లెక్క చూడండి.