పంపు మూతిలో దూది

(గేటు మీటింగులో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు గురించి, డి.ఎ. గురించి ఈ గేటు దగ్గర ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు మన జేబులో ఉండే ఉబ్బసం పంపు గురించి మాట్లాడుకుందాం. డాక్టర్లు దాన్ని ఇన్‌హేలరు అంటారు.

బళ్ళారిలోనైనా, పక్కనున్న ఆదోనిలోనైనా జిన్నింగు, బ్లో రూము, కార్డింగుల్లో పనిచేసే మనం పత్తి దుమ్ము పీలుస్తూనే బతుకుతున్నాం. ఆ దుమ్ము పంపునూ వదలదు.

ఆ మధ్య మన కార్డింగు సోదరుడొకరికి రాత్రి షిఫ్టులో ఆయాసం వచ్చింది. పంపు నొక్కితే మందు సరిగా రాలేదు. మూత ఎప్పుడో పోయింది. మూతి నిండా దూది పోగులు, జేబులోని చెత్త. ఇంటి నుంచి ఇంకో పంపు వచ్చేదాకా మనమంతా చుట్టూ నిలబడి చూడడం తప్ప ఏమీ చేయలేకపోయాం.

అందుకే చెబుతున్నాం. వాడగానే మూత పెట్టండి. నొక్కే ముందు మూతిలోకి చూడండి. అందులో ఏది ఉన్నా మందుతోపాటు గొంతులోకి పోతుంది. వారానికొకసారి లోపలి మందు డబ్బా తీసి పక్కన పెట్టి, ప్లాస్టిక్ తొడుగును మాత్రమే గోరువెచ్చని ధారకింద అర నిమిషం కడగండి. రాత్రంతా ఆరనిచ్చి, డబ్బా బిగించి, రెండుసార్లు గాలిలోకి కొట్టి చూడండి. డబ్బాను నీళ్ళలో వేయకండి. రంధ్రంలో పిన్నీసు గుచ్చకండి. మిషన్లు తుడిచే వేస్టు కాటన్‌తో తుడవకండి. కంప్రెసర్ గాలితో ఊదకండి, అందులో నూనె ఉంటుంది. ఒకరి పంపు ఇంకొకరు వాడవద్దు. పొడి మందు పంపులను శుభ్రం చేసే పద్ధతి వేరు. దాన్ని డాక్టరునో, మందుల షాపులోనో అడగండి.

ఇక అసలు మాట. పంపు శుభ్రం చేసుకోవడం మన పని. గాలి శుభ్రం చేయడం యాజమాన్యం పని. దుమ్ము లాగే యంత్రాలు సరిగా నడవాలి. వారపు సెలవు తర్వాత డ్యూటీ ఎక్కిన మొదటి రోజే ఛాతీ బిగబట్టినట్లుంటే అది ఉబ్బసం కాక బిస్సినోసిస్ కావచ్చు. అది చట్టం గుర్తించిన వృత్తిరోగం. దానికి నష్టపరిహారం అడిగే హక్కు మనకుంది. దాచుకోకుండా డాక్టరుకు మీరు చేసే పని ఏమిటో చెప్పండి, కాగితం మీద రాయించుకోండి, యూనియన్ ఆఫీసుకు తీసుకురండి.

ఊపిరి ఉంటేనే ఉద్యోగం, ఊపిరి ఉంటేనే పోరాటం!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!